కిడ్నీకి రక్తం ఆపి మళ్లీ వదిలితే ఏమవుతుంది? కాపాడే ఇంజక్షన్ ఉందా?

మీరు రాసినదాని సారాంశం ఇది. ఒడిశాలోని బరంపురంలో పట్టుమగ్గం నేసే మీ బావగారికి 56 ఏళ్లు. ఎడమ కిడ్నీలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో సర్జన్ కిడ్నీ మొత్తం తీయకుండా గడ్డ మేరకే కోసి తీస్తామన్నారు. అందుకోసం కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆపి మళ్లీ వదలాల్సి ఉంటుందని చెప్పారు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం) ఇప్పటికే 1.4 ఉంది. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. నడుం నొప్పికి దాదాపు రోజూ రాత్రి ఏదో ఒక మాత్ర వేసుకుంటారు. ‘రక్తం ఆపినప్పటికంటే వదిలినప్పుడే కిడ్నీ దెబ్బతింటుంది, దానికో ఇంజక్షన్ ఉంది, ముందే కొనిపెట్టుకోండి’ అని ఎవరో తెలిసినవాళ్లు చెప్పారు. ఆ మాట నిజమా, ఆ ఇంజక్షన్ ఏది, ఈలోగా కొండపిండి ఆకు కషాయం మొదలుపెట్టవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండోది నిజం కాదు. మూడోది వద్దు.

నేను మత్తు వైద్యుణ్ణి. బరంపురంలోనూ, సరిహద్దు దాటి ఇటు శ్రీకాకుళం వైపూ కలిపి 26 ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లలో గడిపాను. ఇలాంటి ఆపరేషన్‌లో కత్తి సర్జన్ చేతిలో ఉంటుంది. గడియారం, రక్తపోటు, మూత్రం సంచీ నా వంతు. అందుకే కిడ్నీల డాక్టరు చెప్పేదానికి నేను చెప్పేది కాస్త వేరుగా అనిపించవచ్చు.

ముందు కిడ్నీలోకి రక్తం ఎలా పారుతుందో చూడండి. రెండు కిడ్నీలూ కలిపి సుమారు మూడు వందల గ్రాములే, శరీర బరువులో దాదాపు అర శాతం. అయినా గుండె నిమిషానికి పంపే రక్తంలో అయిదో వంతుకు పైగా, అంటే లీటరుకు పైనే, వీటికే వెళుతుంది. ఇంత రక్తం తాగే అవయవానికి కరువెందుకు వస్తుందని అనిపిస్తుంది. రుషికుల్య కాలువ కింద పొలాలున్నవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ నిండుగానే ఉంటుంది. తూము దగ్గరి మళ్లు మునుగుతుంటాయి. శివారు మడి మాత్రం ఎండుతుంటుంది. కిడ్నీలో పై పొర, అంటే వల్కలం, తూము దగ్గరి పొలం. వచ్చిన రక్తంలో తొంభై శాతం దానికే. లోపలి భాగం దవ్వ. దానికి దక్కేది పదో వంతు. వల్కలంలో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల దాకా ఉంటే దవ్వలో 10 నుంచి 20 మధ్యే ఉంటుంది. మామూలు రోజుల్లోనే అక్కడి కణాలు అప్పు మీద బతుకుతున్నట్టు లెక్క.

చిక్కేమిటంటే, అంత కరువులోనే ఎక్కువ పని జరిగేది. వడపోతలో జారిపోయిన ఉప్పునూ నీటినీ తిరిగి శరీరంలోకి లాగే నాళికల్లో సమీపస్థ నాళిక చివరి భాగం, దాని తర్వాత మెలిక తిరిగే హెన్లీ శిక్యంలో మందంగా ఉండి పైకెక్కే ఆరోహణ భాగం ఈ వల్కలానికీ దవ్వకూ మధ్య సరిహద్దులోనే ఉన్నాయి. పొద్దస్తమానం పంపులు తిప్పే కణాలవి. రక్తం ఆగితే మొదట పడిపోయేవీ అవే.

ధమనికి క్లాంప్, అంటే రక్తం ఆపే పట్టుకారు, పెట్టగానే కణానికి ఇంధనమైన ఏటీపీ నిల్వలు నిమిషాల్లో తరిగిపోతాయి. సోడియాన్ని బయటికి తోసే పంపు ఆగుతుంది. సోడియం, దాని వెంట నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది. కాల్షియం చొరబడుతుంది. ఆక్సిజన్ లేని దహనం వల్ల ఆమ్లం పేరుకుంటుంది. రెండు రకాల చెత్త కుప్పపడుతుంది: వాడేసిన ఏటీపీ ముక్కలై మిగిలే హైపోక్సాంథిన్ ఒకటి, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో పేరుకునే సక్సినేట్ మరొకటి. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, కథ మలుపు తిరిగేది వీటి దగ్గరే.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తర్వాత మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. వచ్చిన రోజు అందరూ కేకలు వేశారు. పది నిమిషాల్లో మా ఇంటి నీటి మోటారు కాలింది, పక్కింట్లో ఫ్రిజ్ పోయింది. చీకట్లో ఉన్నన్నాళ్లూ పాడవని వస్తువులు వెలుగొచ్చాక పాడయ్యాయి. క్లాంప్ తీసినప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కుప్పపడిన సక్సినేట్ గబగబా దహనమై మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు వెనక్కి తన్నుతాయి, అక్కడ విషతుల్యమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. హైపోక్సాంథిన్ కూడా తన వంతు పుట్టిస్తుంది. ఆమ్లం కడుక్కుపోగానే, అప్పటిదాకా దాని వల్లే మూసుకుని ఉన్న ఒక రంధ్రం మైటోకాండ్రియా పొరలో తెరుచుకుంటుంది. అది తెరుచుకున్న కణం చాలావరకు బతకదు. తర్వాత కొన్ని గంటల్లో తెల్లకణాలు వచ్చి చేరతాయి. వాచిన సన్నని రక్తనాళాల్లో రక్తం ఇరుక్కుంటుంది. పెద్ద ధమని తెరిచి ఉన్నా లోపలి శివారుకు మాత్రం ఇంకా రక్తం అందదు.

అయితే ‘వదిలినప్పుడే చెడుతుంది’ అన్నవాళ్లు ఒకటి మరిచారు. వదలకపోతే కిడ్నీయే ఉండదు. తిరిగొచ్చే రక్తం ఎంత నష్టం చేస్తుందన్నది, ఆగిన కాలంలో ఎంత చెత్త పేరుకుందన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి కాపాడుకోవలసింది ముందు ఆ నిమిషాలను.

ఒక దృశ్యం చెబుతాను. సర్జన్ ‘క్లాంప్’ అంటారు. నర్సు గోడ మీది తెల్ల బోర్డుపై సమయం రాస్తుంది. ఎర్రమట్టి రంగులో మెరుస్తున్న కిడ్నీ కళ్ల ముందే కాంతి తగ్గి, వంకాయ రంగుకు తిరిగి, కాస్త మెత్తబడుతుంది. అయిదు నిమిషాలకోసారి నేను గట్టిగా చెబుతాను: అయిదు, పది, పదిహేను. పదిహేను దాటాక థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు. కుట్టు సూది, చూషణ గొట్టం శబ్దం, నా మానిటర్ చప్పుడు. ‘వదిలాను’ అన్నాక కిడ్నీ అంతా ఒకేసారి ఎర్రబడదు. ముందు ఒక మచ్చ, దాని పక్కన మరొకటి, మధ్యలో ఇంకా నల్లగా ఉండిపోయిన చెక్కలు. నేను పైన చెప్పిన శివారు సంగతి అప్పుడు కంటికి కనిపిస్తుంది.

ఎన్ని నిమిషాలు క్షేమం? చాలాకాలం అరగంట అన్నారు. తర్వాత ఇరవై అయిదు అన్నారు. ప్రతి నిమిషమూ లెక్కే అన్నవారూ ఉన్నారు. ఆరోగ్యమైన కిడ్నీలు అంతకంటే ఎక్కువే తట్టుకున్నట్టు ఆపరేషన్ మధ్యలో తీసిన ముక్కల్లో చూసి చెప్పినవారూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, రెండు కిడ్నీలూ బాగున్న ముప్పై ఏళ్ల మనిషికి ఇరవై అయిదుకూ ముప్పైకీ తేడా పెద్దగా పట్టించుకోను. గడ్డ చుట్టూ ఎంత మంచి కిడ్నీ మిగిల్చారన్నదే అక్కడ ముఖ్యం. మీ బావగారి లెక్క వేరు. 56 ఏళ్ల పురుషుడికి 1.4 క్రియాటినిన్ అంటే వడపోత నిమిషానికి 60 మి.లీ. దగ్గర్లో ఉన్నట్టు. పైగా గుంట మగ్గంలో కూర్చుని నేసేవారు సాధారణంగా సన్నగా, కండ తక్కువగా ఉంటారు. క్రియాటినిన్ కండరం నుంచి వచ్చేది కాబట్టి సన్నటి మనిషిలో ఆ అంకె ఉన్నదానికంటే మంచి కబురు చెబుతుంది. ఆపరేషన్‌కు ముందు రెండు కిడ్నీల పని విడివిడిగా చూపే డీటీపీఏ స్కాన్ చేయించారా అని అడగండి. ఎడమది ఎంత మోస్తోందో తెలియకుండా దానికి రక్తం ఆపడం నాకు నచ్చదు.

సమయం పెరిగేలా ఉంటే ఉన్న గట్టి ఆయుధం చల్లదనం. క్లాంప్ పెట్టగానే కిడ్నీ చుట్టూ నలిపిన మంచు పోసి పది నిమిషాలు ఆగితే దాని ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కణాల ఆకలి చచ్చిపోతుంది. కిడ్నీ మార్పిడిలో దానం చేసిన కిడ్నీని నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి గంటల తరబడి ప్రయాణం చేయించగలుగుతున్నది ఇందుకే. మంచు పెట్టె నుంచి తీసినప్పుడు ఉడికించిన పనస గింజ రంగులో ఉండే కిడ్నీ, రక్తం అందిన నిమిషంలో గులాబీ రంగుకు తిరిగి, ఇంకా కుట్టని మూత్రనాళం కొస నుంచి చుక్క రాల్చడం నేను చూశాను. చూసిన ప్రతిసారీ మాట రాదు. అయితే కడుపు మీద చిన్న రంధ్రాలతో చేసే లాపరోస్కోపీ పద్ధతిలో మంచు పోయడం కష్టం. అందుకే గడ్డ లోతుగా ఉండి ఎక్కువ సేపు పట్టేలా ఉంటే కోసి చేయడమే మేలని సర్జన్ అనవచ్చు. ‘రోబో ఉందిగా, కోయడమెందుకు’ అని వాదించకండి. ధమని మొత్తాన్ని కాకుండా గడ్డకు వెళ్లే కొమ్మనే పట్టడం, లోపలి కుట్టు పడగానే క్లాంప్ ముందుగా వదిలేయడం కూడా కొందరు చేస్తారు. మీ సర్జన్‌కు ఏది అలవాటో అడగవచ్చు.

ఇక ఇంజక్షన్. ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి. నేను చదువుకునే రోజుల్లో డోపమైన్ అనే మందును సన్నగా ఎక్కిస్తే కిడ్నీ రక్తనాళాలు తెరుచుకుంటాయని నేర్పారు. దానికి ‘కిడ్నీ డోసు’ అని పేరు కూడా ఉండేది. మూత్రం నిజంగానే పెరిగేది, మాకు ధైర్యంగా ఉండేది. 2000 సంవత్సరంలో 328 మంది మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు జరిపిన అధ్యయనంలో దానివల్ల కిడ్నీకి ఒరిగిందేమీ లేదని తేలింది. మూత్రం ఎక్కువ రావడం, కిడ్నీ బాగుండడం ఒకటి కావు. ఆ తర్వాత కూడా నేను రెండేళ్లు వాడాను. అలవాటు అంత తేలిగ్గా పోదు.

మీకు చెప్పినవాళ్ల మనసులో ఉన్నది బహుశా మానిటాల్, మూత్రం పెంచే మందు. క్లాంప్‌కు ముందు అది ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. సరిగ్గా మీ బావగారికి చేయబోయే ఆపరేషన్‌లోనే, కిడ్నీ పని బాగున్న రోగుల్లో దాన్ని ఉత్తి ద్రవంతో పోల్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం ఆరు నెలల తర్వాత తేడా లేదు. లేదా ఎసిటైల్ సిస్టీన్ అనే మరో మందు కావచ్చు. అదే 2018లో, రంగు మందు ఎక్కించి చేసే రక్తనాళాల పరీక్షల్లో దాదాపు అయిదు వేల మందిపై పరీక్షిస్తే అదీ తేలిపోయింది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రంలా వీటిని రాసే చీటీలు ఇప్పటికీ కనిపిస్తాయి. డబ్బు దండగ అన్నది ఒకటే కాదు. మందు పడిందన్న ధీమాలో అసలు చూడవలసినవి చూడరు, నా కోపం దాని మీద.

ఎలుకల్లో పనిచేసిన మందులు డజన్ల కొద్దీ ఉన్నాయి. మనుషుల్లో ఎందుకు చతికిలబడుతున్నాయి? ఎలుక చిన్నది, ఆరోగ్యమైనది, మందు క్లాంప్‌కు ముందే పడుతుంది. మనిషికి అరవై ఏళ్లు, చక్కెర, బీపీ. పైగా చాలా సందర్భాల్లో కిడ్నీకి దెబ్బ తగిలిందని మనకు తెలిసేది రెండో రోజు క్రియాటినిన్ పెరిగాకే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆశ పెట్టుకోదగినవి అసలే లేవని కాదు. 1986లో కుక్క గుండెల మీద ఒక వింత బయటపడింది. పెద్ద దెబ్బకు ముందు అయిదేసి నిమిషాలు నాలుగుసార్లు రక్తం ఆపి వదిలితే, తర్వాతి దెబ్బకు గుండె చాలా తక్కువ చెడింది. దాన్నే తిప్పి, చేతికి బీపీ పట్టీ కట్టి అయిదేసి నిమిషాలు మూడుసార్లు బిగించి వదిలితే దూరంగా ఉన్న కిడ్నీ కూడా గట్టిపడుతుందా అని చూశారు. 2015లో గుండె ఆపరేషన్ చేయించుకున్న 240 మందిలో కిడ్నీ దెబ్బ 52.5 శాతం నుంచి 37.5 శాతానికి తగ్గింది. అదే ఏడాది మొత్తం మూడు వేల మంది దాకా ఉన్న మరో రెండు అధ్యయనాల్లో ఏ లాభమూ కనిపించలేదు. ఆ రెండింటిలో ఎక్కువగా వాడిన ప్రొపొఫాల్ మత్తు దీని ప్రభావాన్ని చెరిపేసి ఉండవచ్చని ఒక వాదన. మత్తు వైద్యుడిగా నాకు ఆసక్తికరమైన వాదన. రోగికి మాత్రం ఇంకా హామీ కాదు. 2024లో గుండె ఆపరేషన్లలో 3,511 మందికి అమైనో ఆమ్లాల ద్రవం ఎక్కించి చూస్తే కిడ్నీ దెబ్బ 31.7 నుంచి 26.9 శాతానికి తగ్గింది, డయాలిసిస్ అవసరంలో, మరణాల్లో తేడా రాలేదు. అది గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసిపెట్టే యంత్రం మీద ఉన్నవారి సంగతి. కిడ్నీకి క్లాంప్ పెట్టేవారికి దాన్ని అప్పుడే అంటగట్టను.

సరే, చేతిలో ఏముంది? మొదటిది ఆ రాత్రి మాత్ర. కిడ్నీలో ప్రతి వడపోత గుత్తికీ లోపలికో తూము, బయటికో తూము. రక్తం తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు లోపలి తూమును తెరిచి పట్టుకుంటాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఆ రసాయనాలనే ఆపుతాయి, తూము మూసుకుపోతుంది. బయటి తూమును బిగించి పీడనం నిలబెట్టేది యాంజియోటెన్సిన్. టెల్మిసార్టాన్ దాన్ని సడలిస్తుంది. రెండూ కలిసిన మనిషికి విరేచనాలో, ఎండదెబ్బో, రక్తస్రావమో తోడైతే వడపోత కుప్పకూలుతుంది. నిజానికి ఎవరూ క్లాంప్ పెట్టకుండానే, ఏప్రిల్ ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసి, రాత్రికి నొప్పి మాత్ర వేసుకునే వాళ్ల కిడ్నీ శివారుకు ఇదే కరువు చిన్న చిన్న మోతాదుల్లో రోజూ వస్తుంటుంది. క్లాంప్‌కు భయపడుతున్నారు, మాత్రకు భయపడడం లేదు. నొప్పి మాత్ర ఈ రోజే ఆపించండి. నొప్పికి పారాసిటమాల్ తగిన మోతాదులో ఇవ్వవచ్చు. టెల్మిసార్టాన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. సాధారణంగా ఆపరేషన్‌కు 24 గంటల ముందు ఆపుతాం, ఎప్పుడన్నది మత్తు డాక్టరు చెబుతారు. మాత్రల పేర్లు గుర్తులేవంటే పట్టీలే తీసుకెళ్లండి. కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్కైనా సరే.

కొండపిండి ఆకు రాళ్లకు వాడతారని నాకూ తెలుసు, మా అమ్మా కాచేది. అయితే రాయి వేరు, రక్తం కరువు వేరు. మూత్రం ఎక్కువ పోయించే ఏ కషాయమైనా ఆపరేషన్ ముందు ఒంట్లో నీరు తగ్గిస్తుంది. అందులో ఏ లవణాలు ఎంత ఉన్నాయో థియేటర్‌లో నాకు తెలియదు. ఆపరేషన్ అయ్యాక కూడా కిడ్నీల డాక్టరును అడగకుండా వద్దు.

నీళ్ల విషయంలో ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. ‘ఆపరేషన్ ఉంది, ఏమీ పెట్టకండి’ అంటే ముందు రోజు సాయంత్రం నుంచే చుక్క నీరు ఇవ్వరు. రైలు దిగి వచ్చేసరికి మనిషి వడిలిపోయి ఉంటాడు. ఘనాహారానికి గంటలు ఎక్కువ. మామూలు నీళ్లు మాత్రం చాలామందికి ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు తాగనిస్తాం. మీ డాక్టరు ఏ గంట చెబుతారో రాసుకుని, అప్పటిదాకా తాగించండి. రంగు మందుతో సీటీ తీశాక ఆపరేషన్‌కు కొన్ని రోజుల ఎడం ఉండేలా చూడమనీ అడగండి.

థియేటర్‌లో మా వంతు రక్తపోటు. 2013లో ముప్పై మూడు వేలకు పైగా ఆపరేషన్ల రికార్డులు తిరగేస్తే, సగటు రక్తపోటు 55 కంటే దిగినవారిలో ఆ దిగుడు అయిదు నిమిషాల లోపే అయినా కిడ్నీ దెబ్బ పెరిగింది. బీపీ ఉన్న మనిషి కిడ్నీకి ఎత్తు పీడనమే అలవాటు కాబట్టి నేను ఇంకాస్త పైనే పట్టుకుంటాను, ముఖ్యంగా క్లాంప్ తీసే సమయానికి. లాపరోస్కోపీలో కడుపులోకి ఊదే గ్యాసు కూడా కిడ్నీని నొక్కుతుంది. ఆ కాసేపు మూత్రం తగ్గితే ద్రవాలు కుమ్మరించేసి ఊపిరితిత్తులు నింపేయకూడదు.

ఆపరేషన్ తర్వాత క్రియాటినిన్ కొంత పెరుగుతుంది, రెండో మూడో రోజుకు ఎక్కువగా కనిపిస్తుంది. బెంబేలు పడకండి. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా, మూత్రం కిలో బరువుకు గంటకు అర మి.లీ. కంటే తక్కువ ఆరు గంటలు సాగినా డాక్టర్లు దాన్ని కిడ్నీ దెబ్బగానే లెక్కిస్తారు. గుండెకూ మెదడుకూ లేని వరం కిడ్నీ నాళికకు ఉంది. బతికిన కణాలు పక్కకు పాకి, విభజన చెంది, రాలిపోయిన చోటును కప్పేస్తాయి. అది వారాల పని. ఆ వారాల్లో మళ్లీ నొప్పి మాత్ర పడితే లేత మొక్క మీద పశువు తొక్కినట్టే. మగ్గం గుంటలోకి ఎప్పుడు దిగవచ్చో సర్జన్‌ను విడిగా అడగండి. అది కుట్ల సంగతి.

మీ అక్కగారి అత్తవారిది కవిటి వైపని రాశారు. అంటే బావగారి మూలాలు ఉద్దానంలోనివి. ఆ ప్రాంతంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఏ చప్పుడూ లేకుండా ముదురుతుంది, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఆయన బాల్యం అక్కడే గడిచి ఉంటే, ఇంట్లో ఎవరికైనా డయాలిసిస్ జరిగి ఉంటే, అది సర్జన్‌కు తప్పక చెప్పండి. 1.4 అన్న అంకెను వాళ్లు అప్పుడు మరో కంటితో చూస్తారు. తర్వాతి పరీక్షలకు ప్రతిసారీ విశాఖ దాకా వెళ్లనక్కరలేదు. పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి దగ్గరవుతుంది, బరంపురంలో వైద్య కళాశాల ఉండనే ఉంది.

డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు ఒక్క వాక్యం రాయించుకోండి: క్లాంప్ ఎన్ని నిమిషాలు ఉంది, మంచు వాడారా లేదా. చాలా కాగితాల్లో ఇది ఉండదు, అడిగితే రాస్తారు. మూడు నెలల తర్వాత క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, వీలైతే మళ్లీ డీటీపీఏ చేయించి, ఆ అంకెలూ ఈ నిమిషాలూ ఇక్కడే రాయండి. చూసి చెబుతాను.